సంఘం కంప్యూటరులో నమూనా సరిగా ఉన్నదా?

పాల సంఘాలలో చేతిరాత రిజిస్టరు స్థానంలో కంప్యూటరు వచ్చిన తరువాత సభ్యులకు ఒక నిశ్చింత ఏర్పడింది. తూకం యంత్రం పాలు తూస్తుంది, పరీక్ష యంత్రం వెన్న శాతం చూపుతుంది, కంప్యూటరు ధరల పట్టిక ప్రకారం డబ్బు లెక్కగట్టి చీటీ ఇస్తుంది. మనిషి చేయి తగ్గింది కనుక తప్పు కూడా తగ్గిందని అందరి నమ్మకం. ఆ నమ్మకం చాలావరకు నిజమే. అయితే తేదీని ఎలా చదవాలి, ఏ భాషలో రాయాలి, ఎవరు రాశారన్నది ఎలా గుర్తుంచుకోవాలి అనే సంగతులు కంప్యూటరుకు ముందుగా ఎవరో ఒకరు చెప్పి ఉంచాలి. చెప్పకపోతే అది కొన్ననాడు వచ్చిన అలవాట్లతోనే నడుస్తుంది. ఆ అలవాట్లు జుక్కల్, మద్నూర్, బిచ్కుంద రైతులను దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు.

ఈ అలవాట్లన్నీ కంప్యూటరులో ఒకచోట నమూనాగా దాచి ఉంటాయి. దీనిని సాంకేతిక భాషలో డిఫాల్ట్ యూజర్ ప్రొఫైల్ అంటారు. సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము నగదు పుస్తకం, సభ్యుల లెడ్జరు, నిల్వలు చూసినట్లే ఇప్పుడు ఈ నమూనాను కూడా చూస్తున్నాము. సభ్యులకు, పాలకవర్గానికి దీని సంగతి తెలిసి ఉండడం మంచిదని ఈ వ్యాసం రాస్తున్నాము. కంప్యూటరు ముట్టని వారికి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాము.

నమూనా అంటే ఏమిటి?

కొత్తగా ఒక సహకార సంఘాన్ని నమోదు చేసేటప్పుడు ప్రమోటర్లకు నమూనా బైలాల ప్రతి ఒకటి ఇస్తారు. వారు దానిలో సంఘం పేరు, ఊరు, పరిధి నింపుకొని, దానినే తమ బైలాలుగా చేసుకుంటారు. ఆ తరువాత ఆ ప్రతి ఆ సంఘానిదే. కావలసిన మార్పులు మహాజన సభలో తీర్మానించి, నమోదు చేయించుకోవచ్చు.

కంప్యూటరులోనూ ఇదే పద్ధతి. కార్యదర్శికి ఒక లాగిన్, పాల పరీక్ష చేసే వారికి ఒక లాగిన్, లెక్కలు రాసే వారికి ఒక లాగిన్ ఇచ్చామనుకుందాము. ఎవరైనా మొదటిసారి తమ లాగిన్‌తో లోపలికి ప్రవేశించగానే కంప్యూటరు తన దగ్గర ఉన్న నమూనా ఫోల్డరును ఉన్నది ఉన్నట్లు నకలు తీసి, ఆ మనిషి పేరు మీద పెడుతుంది. తెర మీద గుర్తులు, కీబోర్డు భాష, తేదీ రాసే తీరు, అంకెల తీరు, కాగితాలు దాచుకునే చోటు అన్నీ ఆ నకలులో ఉంటాయి. ఆ మనిషికి అది సొంత ప్రొఫైలు అవుతుంది.

ఈ పోలిక నుంచి రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, నమూనాలో తప్పు ఉంటే ఆ తరువాత వచ్చే ప్రతి కొత్త మనిషికీ అదే తప్పు సంక్రమిస్తుంది. రెండవది, నమూనాను తరువాత సరిదిద్దినంత మాత్రాన పాతవారి ప్రొఫైళ్ళు మారవు. నమూనా బైలాలు సవరించినంత మాత్రాన ఇదివరకే నమోదైన సంఘాల బైలాలు వాటంతట అవి మారనట్లే. పాతవారివి ఒక్కొక్కటిగా సవరించుకోవాలి. కనుక నమూనాను సరిచేయవలసిన సమయం కొత్త కంప్యూటరు పెట్టె విప్పిన రోజే, మొదటి మనిషి పనికి కూర్చోక ముందే.

విండోస్ కంప్యూటరులో ఈ నమూనా సి డ్రైవులో, యూజర్స్ అనే ఫోల్డరు లోపల, డిఫాల్ట్ అనే పేరుతో ఉంటుంది. మామూలుగా కంటికి కనబడకుండా దాచి ఉంచుతారు. పాత విండోస్ ఎక్స్‌పీలో దీని పేరు డిఫాల్ట్ యూజర్, ఉండే చోటు డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ ఫోల్డరు. లినక్స్ వాడే చోట ఈ నమూనా ఫోల్డరును స్కెల్ అంటారు. ఎముకల గూడు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటకు అది కుదింపు. మాంసం, చర్మం తరువాత ఎవరికి వారు పెట్టుకుంటారు. గూడు మాత్రం అందరికీ ఒకటే. గూడు వంకర అయితే పైన ఎంత పెట్టినా వంకరే.

తేదీ తారుమారైతే బిల్లు తారుమారు

మనం రోజు ముందు, నెల తరువాత రాస్తాము. జూన్ 5ను 05/06 అని రాస్తాము. అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తరువాత. 05/06 అంటే వారికి మే 6. కంప్యూటరు పెట్టేటప్పుడు దేశం పేరు ఎవరూ మార్చకపోతే చాలాసార్లు అమెరికా ఇంగ్లీషే నమూనాలో ఉండిపోతుంది.

పాల సేకరణ సాఫ్టువేరు చాలా చోట్ల తేదీని తానే వేసుకుంటుంది కనుక అక్కడ ఇబ్బంది తక్కువ. ఏడాది పొడవునా ఎక్సెల్ పట్టికలోనే లెక్క రాసే చిన్న సంఘాలలోనూ, దాణా, మందులు, అడ్వాన్సుల కోతలు ఎక్సెల్‌లో రాసే పెద్ద సంఘాలలోనూ ఇబ్బంది ఉంది. అది ఎంతవరకు పోగలదో ఒక లెక్క వేసి చూద్దాము.

ఒక సభ్యురాలు పూటకు 4 లీటర్ల చొప్పున రోజుకు 8 లీటర్లు పోస్తుంది. 2025 జూన్ 1 నుంచి 15 వరకు పక్షం బిల్లుకు ఆమె పాలు 120 లీటర్లు. రాసే వ్యక్తి మన పద్ధతిలో 01/06, 02/06 అని తేదీలు కొడుతూ పోతాడు. కంప్యూటరు అమెరికా పద్ధతిలో చదువుతుంది. జూన్ 1 నాటి పాలు జనవరి 6 కింద పడతాయి. జూన్ 2 నాటివి ఫిబ్రవరి 6 కింద, అలాగే జూన్ 12 నాటివి డిసెంబరు 6 కింద పడతాయి. జూన్ 6 ఒక్కటే ఎటు చదివినా జూన్ 6 కనుక సరిగా నిలుస్తుంది. 13, 14, 15 తేదీలను కంప్యూటరు తేదీలుగానే ఒప్పుకోదు. పదమూడో నెల లేదు కదా. వాటిని వట్టి అక్షరాలుగా ఉంచుతుంది.

ఇంతటితో అయిపోలేదు. అదే పట్టికలో జనవరి 6న పోసిన పాలు 06/01 అని రాసి ఉంటే అవి జూన్ 1 కింద లేస్తాయి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే నెలల 6వ తేదీ పాలు జూన్ 2, 3, 4, 5 కింద చేరతాయి. ఇప్పుడు జూన్ 1 నుంచి 15 వరకు బిల్లు తీయమంటే కంప్యూటరు 6 రోజుల పాలు, అంటే 48 లీటర్లు చూపుతుంది. అందులోనూ 5 రోజులవి వేరే నెలల పాలు. సభ్యురాలికి రావలసిన 120 లీటర్లలో 72 లీటర్లు కనబడవు. యంత్రం చెడలేదు, కూడిక తప్పలేదు, ఎవరూ దొంగతనం చేయలేదు.

ఇంత పెద్ద తేడా అయితే సభ్యురాలు వెంటనే అడుగుతుంది, కార్యదర్శి పట్టుకుంటాడు. అసలు చిక్కు ఆ తరువాత. బిల్లు ఆగకూడదని హడావిడిగా అంకెలను చేత్తో దిద్దుతారు. ఒక చోట దిద్దింది మరొక చోట దిద్దరు. ఆడిట్ నాటికి లెడ్జరుకూ బిల్లుకూ పొంతన ఉండదు.

ఇందులో నమూనా పాత్ర ఏమిటంటే, తప్పు చాలాసార్లు మనిషి మారినప్పుడు బయటపడుతుంది. పాత కార్యదర్శి తన లాగిన్‌లో తేదీ తీరును ఎప్పుడో మార్చుకొని ఉంటాడు. అది ఆయన ప్రొఫైలుకే వర్తిస్తుంది. ఆయన స్థానంలో కొత్త మనిషి వచ్చి, కొత్త లాగిన్ తీసుకోగానే, పాత నమూనా నకలు వచ్చి కూర్చుంటుంది. అదే యంత్రం, అదే సాఫ్టువేరు, నిన్నటిదాకా సరిగా ఉన్న లెక్క నేడు తప్పుతుంది. నింద కొత్తగా వచ్చిన మనిషి మీద పడుతుంది.

ఎవరికి చదవరాని లెక్క ఎవరిది?

జుక్కల్ ప్రాంతం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒక పక్క మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా, మరొక పక్క కర్ణాటకలోని బీదర్ జిల్లా. 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలోనూ, ఆ తరువాత కామారెడ్డి జిల్లాలోనూ ఉన్నా, ఇక్కడి ఇళ్ళలో తెలుగుతో పాటు మరాఠీ, కన్నడం వినబడుతూనే ఉంటాయి. పాలు పోసే వరుసలో ముగ్గురు మూడు భాషలలో మాట్లాడుకోవడం ఇక్కడ వింత కాదు.

నిజాం పాలనలో సర్కారు కచేరీ భాష ఉర్దూ. కాగితంలో ఏమి రాసి ఉన్నదో తెలుసుకోవడానికి రైతు మరొకరి దగ్గరకు వెళ్ళి చదివించుకునేవాడు. చదివి చెప్పినవాడి మాటే ప్రమాణం. ఈనాడు సంఘం ఇచ్చే చీటీ ఇంగ్లీషులోనే ఉంటే, చదువుకోని సభ్యునికి పరిస్థితి అంతకంటే ఎంత మెరుగు? సహకార సంఘంలో లెక్క సభ్యునిది. తనది తాను చదువుకోగలగాలి.

తెలుగులో కంప్యూటరు నడపడం ఇప్పుడు కష్టమేమీ కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే తెలుగు అక్షరాలు విండోస్‌లోకి వచ్చాయి. అంతకు ముందు, ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు, ప్రత్యేక ఫాంట్లతో తెలుగు కొట్టేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ కాగితం తెరిస్తే అర్థం లేని గుర్తులు కనబడతాయి. యూనికోడ్ పద్ధతిలో రాసిన తెలుగు ఏ కంప్యూటరులోనైనా, ఏ సెల్‌ఫోనులోనైనా తెలుగుగానే కనబడుతుంది. కనుక సంఘం రాతలు యూనికోడ్‌లోనే ఉండాలి.

కీబోర్డు విషయంలో జుక్కల్ వంటి చోటికి ఒక మేలు ఉంది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలకు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికను ప్రమాణంగా నిర్ణయించింది. దీనిలో తెలుగు ‘క’ ఏ మీట మీద ఉంటుందో మరాఠీ ‘క’, కన్నడ ‘క’ కూడా అదే మీట మీద ఉంటాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ నేర్చిన వ్యక్తి కీబోర్డు భాష మార్చి, అవే వేళ్ళతో మరాఠీలోనో కన్నడంలోనో సభ్యుని పేరు కొట్టగలడు. నమూనాలో ఈ మూడు కీబోర్డులూ ముందే చేర్చి ఉంచితే, కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ అవి మొదటి రోజే సిద్ధంగా ఉంటాయి. చేర్చకపోతే ఆ ఉద్యోగి ఎలాగూ అడగడు. ఇంగ్లీషుతోనే కాలం గడుపుతాడు.

ఒక్క జాగ్రత్త. బ్యాంకుకు పంపే జాబితాలో పేరు బ్యాంకు పాస్ పుస్తకంలో ఉన్నట్లే ఉండాలి. కనుక సభ్యుల పట్టికలో బ్యాంకు పేరుకు ఒక గడి, చీటీ మీద అచ్చయ్యే పేరుకు ఒక గడి వేరుగా పెట్టుకోవడం మంచిది.

అందరికీ ఒకే లాగిన్ వద్దు

నమూనా సరిగా లేని చోట మరొక చెడు అలవాటు పుడుతుంది. కొత్త లాగిన్ తీసుకుంటే భాష ఉండదు, తేదీ తిరగబడుతుంది, చీటీల ప్రింటరు బదులు మరొక ప్రింటరు ఎంపికై ఉంటుంది. ఈ బాధ పడలేక అందరూ పాత కార్యదర్శి లాగిన్‌లోనే పనిచేస్తారు. సంకేతపదం గోడ మీద రాసి ఉంటుంది, లేదా అందరి నోటా ఉంటుంది.

మేము చూసిన ఒక సంఘంలో ధరల పట్టికలో ఒక గడి మారిపోయింది. నాలుగు రోజులు బిల్లు తక్కువ పడింది. కంప్యూటరు దగ్గర కూర్చునేది పాల పరీక్ష చేసే అమ్మాయి కనుక మాట ఆమె మీద పడింది. ఆమె మార్చిందనడానికి రుజువు లేదు. మార్చలేదనడానికీ రుజువు లేదు. ఎందుకంటే నలుగురూ ఒకే పేరుతో లోపలికి వస్తున్నారు. సభ్యుల డబ్బు సరిచేసి ఇచ్చారు. ఆమె మీద పడిన మాటను మాత్రం ఎవరూ సరిచేయలేకపోయారు. ఆమె పని మానుకున్నది.

విడివిడి లాగిన్లు ఉంటే ఎవరు ఏ వేళ లోపలికి వచ్చారో కంప్యూటరు తన చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా నిండితే పాత రాతలు చెరిగిపోతాయి కనుక అనుమానం వచ్చిన వెంటనే చూడాలి. పాల సాఫ్టువేరుకు సొంత లాగిన్లు వేరే ఉంటాయి. అవి కూడా ఎవరివి వారికే ఉండాలి. విడి లాగిన్ అంటే ఉద్యోగిని అనుమానించడం కాదు. తప్పు చేయనివారికి అదే రక్షణ. నమూనా బాగుంటే విడి లాగిన్ ఎవరికీ భారంగా ఉండదు.

నమూనాను సరిచేసే పద్ధతి

ఒకటి రెండు కంప్యూటర్లున్న గ్రామ సంఘానికి ఈ కింది పద్ధతి చాలును. ఇది విండోస్‌లో ఉన్న సౌకర్యమే. కొత్తగా కొనవలసినది ఏదీ లేదు.

1. ముందుగా పాల సాఫ్టువేరు ఇచ్చినవారిని అడగాలి. కొన్ని పాత సాఫ్టువేర్లు ఒక ప్రత్యేకమైన తేదీ తీరు ఉంటేనే పనిచేస్తాయి. వారు సరేనన్న తరువాతే మార్పు చేయాలి. లెక్కలన్నిటికీ ఒక నకలు తీసి పెన్ డ్రైవులో పెట్టి, బీరువాలో దాచాలి.

2. అడ్మినిస్ట్రేటరు అధికారం గల లాగిన్ ఒకటి సంఘానికి ఉండాలి. అది రోజువారీ పనికి కాదు. దాని సంకేతపదాన్ని కవరులో పెట్టి, అధ్యక్షుని సంతకంతో అంటించి, బీరువాలో ఉంచాలి.

3. ఆ లాగిన్‌లో ప్రవేశించి రీజియన్ అనే చోట దేశాన్ని భారతదేశంగా ఎంచుకోవాలి. తేదీ రోజు, నెల, సంవత్సరం వరుసలో ఉన్నదా, అంకెలలో లక్షకు 1,00,000 అని కామా పడుతున్నదా చూడాలి. తరువాత తెలుగు, అవసరమైతే మరాఠీ, కన్నడ కీబోర్డులు చేర్చాలి.

4. అక్కడే అడ్మినిస్ట్రేటివ్ అనే విభాగం ఉంటుంది. విండోస్ 11లో టైమ్ అండ్ లాంగ్వేజ్, దానిలో లాంగ్వేజ్ అండ్ రీజియన్, దానిలో అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్ ద్వారా అక్కడికి వెళ్ళవచ్చు. అందులో కాపీ సెట్టింగ్స్ అనే మీట నొక్కితే అడుగున రెండు చిన్న గడులు కనబడతాయి. ఒకటి ప్రవేశ తెరకు, రెండవది న్యూ యూజర్ అకౌంట్స్, అంటే కొత్తగా చేరేవారికి. రెండింటిలోనూ టిక్కు పెట్టి ఒప్పుకోవాలి. భాష, కీబోర్డు, తేదీ, అంకెల తీరు నమూనాలోకి వెళ్ళేది ఈ అడుగుతోనే. చాలామంది మూడవ అడుగుతో ఆగిపోతారు. అప్పుడు అది ఆ ఒక్క లాగిన్‌కే పరిమితమవుతుంది.

5. పాల సాఫ్టువేరు గుర్తును, సంఘం లెక్కల ఫోల్డరు గుర్తును పబ్లిక్ అనే ఫోల్డరులోని డెస్క్‌టాప్‌లో పెట్టాలి. అక్కడ పెట్టినవి పాతవారికీ, కొత్తవారికీ అందరికీ తెర మీద కనబడతాయి.

6. ఇప్పుడు పరీక్ష అనే పేరుతో ఒక కొత్త లాగిన్ సృష్టించి లోపలికి వెళ్ళాలి. ఎక్సెల్‌లో 13/06/2025 అని కొట్టి చూడాలి. తేదీగా ఒప్పుకొని గడిలో కుడివైపుకు జరిగితే నమూనా సరిపోయింది. అక్షరాలుగా ఎడమవైపునే ఉండిపోతే నెల ముందు తీరు ఇంకా ఉన్నట్లే. తెలుగులో నాలుగు మాటలు కొట్టి, ఒక చీటీ తీసి చూడాలి. ప్రింటరు ఎంపిక ఎవరి ప్రొఫైలుకు వారిదే కనుక ప్రతి లాగిన్‌లోనూ ఒకసారి సరిచూడాలి. అన్నీ బాగుంటే ఆ పరీక్ష లాగిన్‌ను తీసివేయాలి.

7. ఆ తరువాత కార్యదర్శి, పరీక్షకులు, లెక్కల వ్యక్తి ముగ్గురికీ మామూలు అధికారం గల లాగిన్లు ఇవ్వాలి. ఇదివరకే ఉన్న లాగిన్లలో తేదీ, భాష ఒక్కొక్కటిగా చేత్తో సవరించాలి. నమూనా వాటిని ముట్టదు.

పాల శీతలీకరణ కేంద్రాల వంటి చోట్ల ఒకేసారి అనేక కంప్యూటర్లు తెచ్చినప్పుడు మరొక పద్ధతి ఉంది. ఎవరూ వాడకముందే ఒక కంప్యూటరును పూర్తిగా కావలసినట్లు అమర్చి, సిస్‌ప్రెప్ అనే సాధనంతో, కాపీప్రొఫైల్ అనే ఆజ్ఞ ఇచ్చి, ఆ అమరికనంతా నమూనాగా మారుస్తారు. దాని ప్రతిని మిగిలిన కంప్యూటర్లకు ఎక్కిస్తారు. ఇది శిక్షణ పొందిన సాంకేతికుల పని. గ్రామ సంఘాలు దీని జోలికి పోనక్కరలేదు.

చేయరాని పనులు

కొందరు కంప్యూటరు రిపేరు చేసేవారు తొందర పనిగా, వాడుకలో ఉన్న ఒకరి ప్రొఫైలు ఫోల్డరును చేత్తో నకలు తీసి డిఫాల్ట్ ఫోల్డరులో అతికిస్తారు. పూర్వం విండోస్ ఎక్స్‌పీలో ఒక మీట నొక్కి ఏ ప్రొఫైలునైనా నమూనాలోకి నకలు తీసే వీలుండేది. విండోస్ 7 నుంచి ఆ వీలు తీసివేశారు. కారణం ఉంది. వాడుకలో ఉన్న ప్రొఫైలులో ఆ మనిషి సొంత సంగతులు ఉంటాయి. తెరిచిన కాగితాల పేర్లు, చూసిన వెబ్‌సైట్లు, దాచుకున్న సమాచారం ఎన్నో ఉంటాయి. అతని పేరు మీదున్న దారులు కూడా ఉంటాయి. అవి కొత్తవారికి సంక్రమిస్తే కొన్ని పనిచేయవు, కొన్ని పనిచేయకూడని విధంగా పనిచేస్తాయి. సభ్యుల బ్యాంకు నంబర్లు, ఆధార్ నంబర్లు ఉన్న సంఘంలో ఇది బొత్తిగా తగదు. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసింది.

రెండవది, సంఘం లెక్కలను ఏ ఒక్కరి డాక్యుమెంట్స్ ఫోల్డరులోనూ దాచకూడదు. ఆ ఫోల్డరు ఆ మనిషి ప్రొఫైలులో భాగం. అతను మానుకున్న తరువాత లాగిన్ తీసివేసేటప్పుడు కంప్యూటరు అతని కాగితాలు ఉంచాలా, చెరిపివేయాలా అని అడుగుతుంది. చూడకుండా చెరిపివేయమంటే అతని ఫోల్డరుతో పాటు సంఘం లెక్కలు కూడా పోతాయి. లెక్కలకు ప్రొఫైళ్ళ బయట ఒక ఉమ్మడి ఫోల్డరు ఉండాలి. రిజిస్టర్లు కార్యదర్శి ఇంట్లో కాక సంఘం బీరువాలో ఉండాలనే నియమం వంటిదే ఇది.

మూడవది, పాత విండోస్‌తో కాలం గడపరాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. యంత్రం మార్చినా, విండోస్ కొత్తగా ఎక్కించినా నమూనా మళ్ళీ మొదటికి వస్తుంది. అప్పుడు పై ఏడు అడుగులూ మళ్ళీ వేయాలి. కనుక ఏ ఏ మార్పులు చేశారో ఒక కాగితం మీద తెలుగులో రాసి, కవరుతో పాటు బీరువాలో ఉంచాలి.

సభ్యులు అడగవలసినవి

కంప్యూటరు సంగతి కార్యదర్శికి వదిలివేసి ఊరుకోవడం సభ్యులకు తగదు. సంఘం 1964 చట్టం కింద నమోదైనా, 1995 పరస్పర సహాయ చట్టం కింద నమోదైనా లెక్క అడిగే హక్కు సభ్యునిదే. వచ్చే మహాజన సభలో ఈ ప్రశ్నలు వేయవచ్చు. వీటికి కంప్యూటరు చదువు అక్కరలేదు.

మన కంప్యూటరులో ఎన్ని లాగిన్లు ఉన్నాయి? పనిచేసేవారు ఎంతమంది? రెండు అంకెలూ సమానంగా ఉన్నాయా? మానుకున్నవారి లాగిన్లు ఆపివేశారా? కొత్త మనిషికి లాగిన్ ఇస్తే తేదీ ఏ వరుసలో వస్తుంది? చీటీ తెలుగులో వస్తుందా? అడిగినవారికి మరాఠీలోనో కన్నడంలోనో పేరు రాయగలరా? లెక్కల ఫోల్డరు ఎవరి పేరు మీద ఉంది? నకలు చివరిసారి ఎప్పుడు తీశారు? సంకేతపదం కవరు బీరువాలో ఉన్నదా?

ఈ ప్రశ్నలకు సమాధానాలు దొరికితే ఒక తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాయించాలి. దొరకకపోతే ఫలానా తేదీలోగా సరిచేయాలని రాయించాలి. పాలకవర్గం మారినప్పుడు అప్పగింతల జాబితాలో పాల క్యాన్లు, తూకం యంత్రం, నగదు పెట్టె తాళాలతో పాటు ఈ కవరును, మార్పుల కాగితాన్ని కూడా చేర్చాలి.

తెల్లవారకముందే లేచి బర్రెల పాలు పిండి తెచ్చే సభ్యురాలు తూకం ముందు నిలబడేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలలో కంప్యూటరు రాసేదే ఆమె పక్షం రోజుల ఆదాయం. అది సరైన తేదీ కింద, ఆమె చదవగల భాషలో, రాసినవారి పేరుతో పడాలంటే నమూనాను ఒక పూట కూర్చొని సరిచేయాలి. ఆ పని ఈ పక్షంలోనే చేయించవలసిందిగా సంఘాల పాలకవర్గాలను కోరుతున్నాము.